డాక్టరు ముందు కుంటని గుర్రం

ప్రశ్న: నా గుర్రం తుమ్మెదకు 11 ఏళ్లు. అరబ్ జాతి, విత్తులు తీసిన మగగుర్రం. మూడేళ్లుగా ఎండ్యూరెన్స్ రైడ్‌లకు (గుర్రం మీద సాగే దూరప్రయాణ పోటీలకు) వెళ్తున్నాం, 40 కిలోమీటర్లవీ 80 కిలోమీటర్లవీ. అయిదు నెలల కిందట ఒక 80 కిలోమీటర్ల రైడ్‌లో 52వ కిలోమీటరు దగ్గర వెట్ గేట్‌లో (దారి మధ్యలో డాక్టరు గుర్రాన్ని పరీక్షించే చోట) ముందు ఎడమ కాలు కుంటుతోందని ఆపేశారు. గుండె వేగం 56, మిగతావన్నీ బాగున్నాయి. మర్నాడు పొద్దుటికి కుంటడమే లేదు. డాక్టరు గారు వచ్చి చూస్తే గట్టి నేల మీద తిన్నగా, ముచ్చటగా పరిగెత్తాడు. గిట్ట నొక్కి చూస్తే ఏమీ లేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. కాలికి వాపు లేదు, వేడి లేదు. రెండు వారాలు విశ్రాంతి ఇచ్చి మళ్లీ పని మొదలుపెడితే మూడో వారంలో మళ్లీ కుంటాడు. అప్పటినుంచి నాలుగుసార్లు ఇదే వరస. మెత్తటి ఇసుక బాటలో, అదీ కుడివైపు తిరిగేచోట నాకు ఎక్కువగా తెలుస్తుంది. ఒకసారి మాత్రం తేడా వెనక ఎడమ కాలిలోనేమో అనిపించింది. లాడాలు మార్పించాం. బ్యూట్ (నొప్పి తగ్గించే మందు) ఇస్తే తగ్గుతుంది. ఒకరు గిట్ట అంటున్నారు, ఒకరు జీను అంటున్నారు, పని తప్పించుకోవడానికి నటిస్తున్నాడని ఇంకొకరు. ఆరు వారాల్లో మరో 80 కిలోమీటర్ల రైడ్ ఉంది. వెళ్లవచ్చా? అసలు లేని జబ్బును నేనే ఊహించుకుంటున్నానా?

జవాబు: ముందు చివరి రెండు ప్రశ్నలు తేల్చేద్దాం. ఆ రైడ్‌కు వెళ్లకండి. మీరు ఊహించుకోవడం లేదు. వెట్ గేట్‌లో నిలబడ్డ డాక్టరు కంటికీ, జీను మీద కూర్చున్న మీ నడుముకూ ఒకే కాలు దొరికింది. అయిదు నెలల్లో అయిదుసార్లు, దాదాపు ప్రతిసారీ అదే కాలు. ఇది వచ్చిపోయే జబ్బులా కనిపిస్తున్నా, వచ్చిపోతున్నది నొప్పి మాత్రమేనని నా నమ్మకం. ఆ నొప్పిని పుట్టించేది అయిదు నెలలుగా అక్కడే ఉంది.

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ఎక్స్‌రే గురించి, లాడాల గురించి, అందరూ అన్న మాటల గురించి ఎక్కువ రాశారు. అసలైన ఆధారం మధ్యలో ఒక్క వాక్యంలో దాటిపోయింది: మెత్తటి ఇసుకలో, కుడివైపు తిరిగేటప్పుడు. డాక్టరు గారికి మీరు ఆ మాట చెప్పారా? ఆయన తుమ్మెదను గట్టి నేల మీద, తిన్నగా పరిగెత్తించి చూశారు. అంటే మీ గుర్రం ఎక్కడ కుంటకుండా ఉంటుందో సరిగ్గా అక్కడ చూశారు. ఇందులో ఆయన తప్పు లేదు. గుర్రం ఎప్పుడు, ఎక్కడ, ఎంత దూరం పోయాక కుంటుతుందో చూసేది మీరొక్కరే. ఆ సంగతి ఆయన చేతికి చేరాలి.

దాని వెనకున్న తర్కం ఇది. గిట్ట లోపల నొప్పి ఉన్న గుర్రం సాధారణంగా గట్టి నేల మీద ఎక్కువ కుంటుతుంది, చక్రంలా తిప్పితే నొప్పి కాలు లోపలివైపు ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. మోకాలి కింద, కానన్ అనే పొడవాటి ఎముక వెనకాల ఉండే లిగమెంట్లలో (గట్టి పట్టీల్లో), ముఖ్యంగా సస్పెన్సరీ లిగమెంట్ పైభాగంలో దెబ్బ ఉంటే తరచుగా దీనికి ఎదురు జరుగుతుంది. గిట్ట దిగబడే మెత్తటి నేల మీద, ఆ కాలు చక్రానికి బయటివైపు ఉన్నప్పుడు కుంటడం పెరుగుతుంది. కుడివైపు తిరిగేటప్పుడు ఎడమ కాలు ఉండేది బయటే కదా. ఇది అన్నిసార్లూ తప్పకుండా పనిచేసే కొలబద్ద కాదు. అయినా చేతిలో ఉన్న ఆధారాల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపిస్తున్నది ఇదే.

సస్పెన్సరీ లిగమెంట్ మోకాలికి కాస్త కింద, కానన్ ఎముక వెనక భాగంలో పుడుతుంది. కిందికి దిగి రెండుగా చీలి, ఫెట్‌లాక్ (గిట్టకు పైనుండే కీలు) వెనకున్న సెసమాయిడ్ అనే చిన్న ఎముకలకు అతుక్కుంటుంది. కాలు నేలను తాకి బరువు పడ్డ ప్రతిసారీ ఫెట్‌లాక్ కిందికి కుంగుతుంది. అది మరీ కుంగిపోకుండా ఊయలలా పట్టుకునేది ఈ పట్టీయే. ట్రాట్‌లో, అంటే నడక కన్నా కాస్త వేగమైన పరుగులో, గుర్రం వేసే ఒక్కో పూర్తి అడుగు సుమారు 3 మీటర్లు అనుకోండి. 80 కిలోమీటర్లకు ఒక్కో కాలు 25 వేలకు పైగా సార్లు నేలను తాకుతుంది. ఇసుకలో గిట్ట మునిగి, ఫెట్‌లాక్ ఇంకా కుంగుతుంటే ఆ పట్టీ మీద పడే లాగుడు ఎంతో ఊహించండి. అలసట వచ్చేకొద్దీ కండరాల పట్టు సడలి ఆ భారమూ దీని మీదికే వస్తుంది. మీవాడు 5వ కిలోమీటరు దగ్గర కాక 52వ కిలోమీటరు దగ్గర దొరికిపోయాడంటే నాకు వింతగా లేదు.

ఈ పైభాగం రెండు సన్నటి ఎముకల మధ్య, స్నాయువుల వెనక దాక్కుని ఉంటుంది. అందుకే అక్కడ చిన్న చిరుగు వస్తే వాపు బయటికి కనిపించకపోవచ్చు, చేతికి వేడి తగలకపోవచ్చు. ఎక్స్‌రేలో లిగమెంట్ కనబడదు. ఎముక అతుకు దగ్గర పాత మార్పులుంటే తప్ప ఫిల్మ్ శుభ్రంగానే వస్తుంది. ముందు కాలిలో ఈ గాయానికి అందరూ ఎరిగిన లక్షణం ఒకటుంది. కొన్ని రోజులు విశ్రాంతి ఇస్తే కుంటడం పోతుంది, పని పెంచగానే తిరిగొస్తుంది. మీ అయిదు నెలల కథ అక్షరాలా అదే.

మీరిచ్చిన రెండు వారాల విశ్రాంతే ఇక్కడ మిమ్మల్ని మోసం చేసింది. నొప్పి తగ్గడానికి రెండు వారాలు చాలు. లిగమెంట్ పోగు అతుక్కోవడానికి నెలలు కావాలి. కుంటడం లేదు కాబట్టి మానిందనుకుని పని మొదలుపెట్టిన ప్రతిసారీ సగం అతుకు మీద పూర్తి బరువు పడింది. ఇది మిమ్మల్ని నిందించడానికి రాయడం లేదు. నేనూ ఇదే చేశాను.

నా దగ్గర ఒక బూడిద రంగు ఆడగుర్రం ఉండేది. దూరం పోయేకొద్దీ హుషారు పెరిగే రకం. అదీ ఇలాగే నెలకోసారి ముందు కాలు తేలిగ్గా వేసేది. గుర్రం కుంటితే నూటికి తొంభైసార్లు గిట్టలోనే ఉంటుందని అప్పటికి నా చెవిలో బాగా నూరిపోసి ఉన్నారు. నాలుగు నెలలు గిట్ట చుట్టూనే తిరిగాను. లాడాలు మూడు రకాలు మార్చాను, మధ్యలో ప్యాడ్లు వేయించాను, ముందు అంచు చెక్కించాను. లాడం మార్చిన ప్రతిసారీ వారం విశ్రాంతి దొరికేది కాబట్టి ప్రతిసారీ నయమైనట్టే కనిపించేది. చివరికి ఒక పెద్దాయన ఆ కాలిని ఎత్తి, మోకాలు మడిచి, వెనక స్నాయువులను బొటనవేలితో పక్కకు నెట్టి, రెండు సన్నటి ఎముకల మధ్యకు వేలు పోనిచ్చి మెల్లగా నొక్కారు. అంతవరకు ఆయన భుజం మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నట్టున్న గుర్రం కాలు చటుక్కున లాక్కుంది. ఇంకో కాలు నొక్కితే కదల్లేదు. మళ్లీ ఈ కాలు, మళ్లీ లాక్కుంది. స్కాన్‌లో చిరుగు కనబడింది. ఆ నాలుగు నెలల్లో అది ఎంత పెరిగిందో నాకు తెలియదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆ వేలి పరీక్ష ఒక్కదానితో రోగం ఖాయం కాదు, కొన్ని మంచి కాళ్లూ నొక్కితే లాక్కుంటాయి. రెండు కాళ్లకూ తేడా ఉందా అన్నదే చూడాలి. మీ డాక్టరు గారిని ఆ చోట నొక్కి చూడమని అడగండి.

ఇక మీరు "ఒకసారి వెనక ఎడమ కాలేమో" అన్నారు చూడండి, ఆ మాటను నేను వదిలిపెట్టలేను. ఇందులో ఒక మెలిక ఉంది, అనుభవమున్న కళ్లు కూడా ఇక్కడ పొరబడతాయి.

ముందు ఎడమ కాలు నొప్పిగా ఉన్న గుర్రం, ట్రాట్‌లో ఆ కాలు నేలను తాకేటప్పుడు తల పైకెత్తుతుంది. బాగున్న కుడికాలు తాకేటప్పుడు తల దించుతుంది. వెట్ గేట్‌లో అందరూ చూసేది ఈ తల ఊపునే. ట్రాట్‌లో కాళ్లు ఐమూలగా జతకడతాయి. ముందు కుడి కాలూ వెనక ఎడమ కాలూ ఒకేసారి నేలను తాకుతాయి. ఇప్పుడు నొప్పి నిజానికి వెనక ఎడమ కాలిలో ఉందనుకోండి. ఆ కాలు నేలను తాకే క్షణంలో దాని మీద బరువు తగ్గించడానికి గుర్రం తల కిందికి దించి బరువును ముందుకు నెడుతుంది. అదే క్షణంలో ముందు కుడికాలు నేలమీద ఉంటుంది కదా. చూసేవాళ్లకు "కుడికాలు పడ్డప్పుడు తల దించింది, కాబట్టి ముందు ఎడమ కాలు కుంటుతోంది" అనిపిస్తుంది. వెనక కాలి నొప్పి అదే పక్క ముందు కాలి కుంటులా వేషం వేసుకొస్తుందన్నమాట. తుమ్మెద విషయంలో రెండూ ఎడమ పక్కనే కావడం నన్ను ఆలోచింపజేస్తోంది. ముందు కాలే అసలు దోషి అని నా మొగ్గు. అయినా వెనక కాలిని చూడకుండా వదిలేస్తే పప్పులో కాలేసినట్టే.

చూసే పద్ధతి ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. రెండు తుంటి ఎముకల మొనల మీద తెల్ల టేపు ముక్కలు ఒకే ఎత్తులో అంటించండి. ఒక మనిషి చేత తాడు పట్టించి గట్టి నేల మీద తిన్నగా మీ నుంచి దూరంగా ట్రాట్ చేయించి, వెనకనుంచి ఫోన్‌తో వీడియో తీయండి. తర్వాత వేగం తగ్గించి చూడండి. ఏ పక్క టేపు ఎక్కువ ఎత్తుకు లేచి ఎక్కువ లోతుకు పడుతోందో, సాధారణంగా నొప్పి ఆ పక్క కాలిలో ఉంటుంది. తర్వాత ఎదురుగా నిలబడి తల చూడండి, పక్కనుంచి అడుగు పొడవు చూడండి. వీడియోను ఒకసారి కళ్లు మూసుకుని వినండి కూడా. గట్టి నేల మీద మంచి ట్రాట్ గోడ గడియారంలా రెండే సమానమైన చప్పుళ్లు చేస్తుంది. కుంటే కాలి చప్పుడు మెత్తగా, పక్కది బరువుగా వినిపిస్తుంది. ఇవన్నీ మళ్లీ మెత్తటి నేల మీద, రెండు వైపులా పెద్ద చక్రంలో తీయండి. ఆ తర్వాత మీరు ఎక్కి ఒకసారి. మనిషి లేనప్పుడు బాగుండి, ఎక్కగానే వచ్చే కుంటు వెనక కాళ్ల వైపో వీపు వైపో వేలు చూపిస్తుంది.

జీను సంగతి అక్కడే వస్తుంది. దూరం పోయొచ్చాక జీను తీసి చెమట మరకలు చూడండి. చుట్టూ తడిగా ఉండి మధ్యలో అరచేయంత పొడి మచ్చ ఉంటే, అక్కడ జీను గట్టిగా నొక్కుతోందని అనుమానించాలి. వెన్ను పక్క కండరాల మీద వేళ్లు నడిపి, ఎక్కడ కుంగుతాడో గుర్తుపెట్టుకోండి. ఇంకో ప్రశ్న మీకే. ట్రాట్‌లో లేచి కూర్చునేటప్పుడు డయాగనల్ (ఏ ఐమూల జత కాళ్లు నేలను తాకినప్పుడు కూర్చుంటారన్నది) మారుస్తున్నారా? చాలామంది తెలియకుండానే గంటలకొద్దీ ఒకే దాని మీద కూర్చుంటారు. ఎందుకంటే గుర్రమే రెండో దాని మీద మనల్ని ఎగరేసి ఇటు తెచ్చి పెడుతుంది. తుమ్మెద మిమ్మల్ని ఒక డయాగనల్ నుంచి దులిపేస్తుంటే అది కూడా ఒక కబురే, డైరీలో రాసుకోండి.

గిట్టను నేను పూర్తిగా వదిలేయలేదు. పట్టకారుతో నొక్కితే నొప్పి లేదన్నంత మాత్రాన గిట్ట నిర్దోషి అయిపోదు. ఎక్స్‌రే పక్కనుంచి తీసినదైతే డాక్టరు గారిని గిట్ట అడుగు పొర మందం కొలవమనండి. 15 మిల్లీమీటర్లకు పైగా ఉంటే హాయి, 10కి తక్కువైతే రాళ్ల బాటలో లోపలి కమిలింపులకు అదే చాలు. గిట్ట ముందు భాగం పొడవై, మడమలు కుంగి ఉంటే గిట్ట వెనక భాగానికీ పైనున్న లిగమెంట్లకూ రెండింటికీ కీడే. అయిదుసార్లు కుంటిన తేదీల పక్కన లాడం కొట్టిన తేదీలు రాసి చూడండి. ప్రతిసారీ లాడం వేసిన అయిదో ఆరో వారంలోనే కుంటితే గిట్ట పెరిగి తూకం తప్పడం ఇందులో భాగం పంచుకుంటోందన్నమాట. కొట్టిన రెండు మూడు రోజుల్లోనే అయితే మేకు లోపలి సజీవ భాగానికి దగ్గరగా పోయిందేమో చూడాలి. మీ తేదీలు దేనికీ పొంతన కుదరకపోతే ఆ దారి మూసేయవచ్చు.

కండరాల సంగతి క్లుప్తంగా. అరబ్ గుర్రాల్లో, అందులోనూ ఎండ్యూరెన్స్ చేసేవాటిలో, పని మధ్యలో కండరాలు బిగుసుకుపోయే జబ్బు ఉంది. మామూలుగా వెనక కాళ్లు రెండూ పొట్టి అడుగులు వేస్తాయి, పిరుదులు రాయిలా గట్టిపడతాయి, మూత్రం ముదురు గోధుమ రంగులో పోవచ్చు. అలా కనబడిన రోజున ఒక్క అడుగు కూడా నడిపించకుండా డాక్టరును పిలవాలి. మీరు చెప్పిన ఒంటి కాలి కుంటుకు ఇది నప్పదు. అయినా మళ్లీ కుంటిన రోజు, పని ముగిసిన 4 నుంచి 6 గంటల మధ్య రక్తం తీయించి సీకే, ఏఎస్‌టీ (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు) చూపిస్తే అనుమానం తీరిపోతుంది. సీకే త్వరగా దిగిపోతుంది, మర్నాడో ఆ మర్నాడో తీస్తే చిన్న పెరుగుదల చేతికి చిక్కకపోవచ్చు. ఏఎస్‌టీ నెమ్మదిగా పెరిగి చాలా రోజులు నిలుస్తుంది. వెనక కాలికి రక్తం తీసుకెళ్లే ధమనిలో గడ్డ కట్టడం అరుదు. అందులో పని మధ్యలో వెనక కాలు పడిపోతున్నట్టవుతుంది, ఆపి నిలబడితే నిమిషాల్లో కోలుకుంటుంది, ఆ కాలు చల్లగా ఉంటుంది. మీవాడు మర్నాటి దాకా కోలుకోలేదంటే అది కాదు.

నటిస్తున్నాడన్న వారి మాటకు కూడా జవాబు చెప్పాలి. గుర్రం వేటకు గురయ్యే జంతువు. మందలో కుంటుతూ కనబడితే పులికి ముందు దొరికేది అదే. దాని ఒంట్లో ఉన్న తెలివంతా నొప్పిని దాచడానికే, లేని నొప్పిని చూపించడానికి కాదు. కొత్త మనిషి, కొత్త చోటు, ఒంట్లో హుషారు ఉంటే ఉన్న కుంటు కూడా కాసేపు మాయమవుతుంది. డాక్టరు ముందు ముచ్చటగా పరిగెత్తడానికి అదీ ఒక కారణం. దయచేసి ఆ మాటను మనసులోంచి తీసేయండి.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన భాగం. వచ్చిపోయే కుంటును పట్టుకోవాలంటే డాక్టరు ముందు గుర్రం కుంటాలి. అందుకోసం పరీక్షకు ముందు రోజుల్లో కాస్త పని చేయించి, కుంటు బయటపడ్డాక తీసుకెళ్లమని నేనూ చెబుతాను. దీనికి ఒక హద్దు ఉంది. అమెరికా అశ్వవైద్యుల సంఘం కొలమానంలో కుంటడానికి 0 నుంచి 5 వరకు అంకెలు. 1 అంటే పట్టుకోవడమే కష్టం, ఒకసారి కనబడి ఒకసారి కనబడదు. 2 అంటే తిన్నగా పోయేటప్పుడు సరిగా తెలియదు, చక్రంలో తిప్పడం వంటివి చేస్తే తప్పకుండా కనబడుతుంది. 3 అంటే ట్రాట్‌లో ఎక్కడైనా ఎప్పుడైనా కనబడుతుంది. 4 అంటే నడకలోనే తెలుస్తుంది. 5 అంటే కాలు మోపలేని స్థితి. మీరు రాసినదాన్ని బట్టి తుమ్మెద 1కీ 2కీ మధ్య ఉన్నాడు. అయిదుసార్లలో ఏ ఒక్కసారైనా నడకలోనే తల ఎగరేసి కుంటి, రెండు మూడు రోజుల్లో అద్భుతంగా బాగైపోయి ఉంటే నాకూ డాక్టరు గారికీ ఆ మాట ముందే తెలియాలి. వేగంగా దూరాలు పోయే గుర్రాల్లో ఎముకకు వెంట్రుకంత పగులు వచ్చినప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. ఒక్కసారిగా గట్టిగా కుంటి, విశ్రాంతితో ఆశ్చర్యంగా తగ్గిపోతుంది. పగులు మొదటి 10, 14 రోజులు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. అలాంటి గుర్రాన్ని కుంటు రప్పించడానికని పరిగెత్తించినా, నర్వ్ బ్లాక్ (నరానికి మత్తు ఇంజెక్షన్) ఇచ్చి నొప్పి తెలియకుండా ట్రాట్ చేయించినా ఆ పగులు కళ్లముందే రెండుగా విరిగిపోగలదు. అక్కడ ముందు చేయాల్సింది బోన్ స్కాన్, లేదా కొన్నాళ్లు ఆగి మళ్లీ ఎక్స్‌రే.

ఆ చరిత్ర లేదని తేలితే, పరీక్షకు ఇలా సిద్ధం కండి. గుర్రాల కుంటునే ప్రత్యేకంగా చూసే డాక్టరుకు చూపించండి. అల్ట్రాసౌండ్ సొంతంగా చేయగలిగినవారైతే మరీ మంచిది. ముందే ఫోన్ చేసి మెత్తటి నేల కూడా ఉందా అని అడగండి. బ్యూట్ ఎన్ని రోజుల ముందు ఆపాలో వారినే అడిగి ఆపండి, ఆ రోజుకు దాని ప్రభావం మిగలకూడదు. బ్యూట్‌తో తగ్గుతుందంటే ఇది నిజమైన నొప్పేనని రుజువైంది, దానివల్ల మనకొచ్చిన లాభం అంతవరకే. కుంటు అణిగాక దాని మీద పని చేయించడం అంటే గాయాన్ని కళ్లకు గంతలు కట్టి నడిపించడమే. చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గిన గుర్రానికి ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీయగలదు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య పోటీల్లో అది ఒంట్లో ఉండటానికే వీల్లేదు.

నర్వ్ బ్లాక్‌లు కింది నుంచి పైకి వెళ్తాయి. ముందు మడమ దగ్గర, తర్వాత ఫెట్‌లాక్ దగ్గర, ఆ పైన. ప్రతి ఇంజెక్షన్ తర్వాత కొన్ని నిమిషాలు ఆగి, ఏ నేల మీద ఏ వైపు తిప్పితే కుంటిందో సరిగ్గా అలాగే మళ్లీ తిప్పుతారు. ఎక్కడ మత్తు ఎక్కితే కుంటు పోతుందో నొప్పి అక్కడే. మోకాలి కింద బ్లాక్‌తో పోయిందనుకోండి, అప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. అక్కడ పెట్టిన మందు పక్కనే ఉన్న మోకాలి కీలు సంచీలోకి పాకగలదు. కాబట్టి మంచి డాక్టర్లు మోకాలి కీలును విడిగా కూడా తేల్చుకుంటారు. తర్వాత అల్ట్రాసౌండ్, రెండు కాళ్లూ పక్కపక్కన పోల్చి. అది కూడా తేల్చకపోతే ఎమ్మారై. ఇంకొక సంగతికి మనసును సిద్ధం చేసుకోండి. ఎడమ కాలికి మత్తు ఎక్కగానే తుమ్మెద కుడికాలు కుంటడం మొదలుపెట్టవచ్చు. రెండు ముందు కాళ్లూ నొప్పిగా ఉన్న గుర్రం ఏ కాలినీ ప్రత్యేకంగా కాపాడుకోలేక, పొట్టి అడుగులతో నెట్టుకొస్తుంది. అది జరిగితే కంగారు పడకండి, అప్పటిదాకా దాక్కున్న సగం జవాబు కూడా దొరికినట్టు. ముందు కాలి బ్లాక్‌లు దేనికీ తల ఊపు చెక్కుచెదరకపోతే, వెంటనే వెనక ఎడమ కాలికి వెళ్లమని గుర్తుచేయండి.

ముందు కాలి సస్పెన్సరీ పైభాగమే అని తేలితే నేను సంతోషిస్తాను. తగినంత సమయమిస్తే చాలా గుర్రాలు పూర్తి పనికి తిరిగొస్తాయి. మొదట్లో గుర్రపుశాలలో విశ్రాంతి, రోజూ గట్టి చదును నేల మీద చేత్తో పట్టుకుని నడక. మొదట పది నిమిషాలు, వారం వారం కాస్త కాస్త పెంచుతూ. ఇసుక వద్దు, చక్రాలు వద్దు. పెద్ద మైదానంలో వదిలేయడం అసలు వద్దు, ఒక్క గంతులో మూడు నెలల అతుకు పోతుంది. ట్రాట్ ఎప్పుడు మొదలుపెట్టాలో గుర్రం నడకను బట్టి కాక మళ్లీ తీసిన స్కాన్‌ను బట్టి నిర్ణయించండి. కనీసం మూడు నెలలు, మీరు ఇప్పటికే అయిదు నెలలు లాగారు కాబట్టి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. వెనక కాలి సస్పెన్సరీ అయితే మాట వేరు. అక్కడ విశ్రాంతి ఒక్కటే చాలాసార్లు సరిపోదు, శస్త్రచికిత్స దాకా మాట్లాడాల్సి రావచ్చు, మళ్లీ 80 కిలోమీటర్లు పోతాడని నేను మాటివ్వలేను. ఆ సంగతి ఇప్పుడే తెలిసి ఉండటం మంచిదని రాస్తున్నాను.

పరీక్ష వరకు రోజూ నడకే. ఒక పుస్తకంలో ఆ రోజు నేల, దూరం, తిరిగిన వైపు, వచ్చిన అనుమానం ఏదైనా, లాడం తేదీ, ఇచ్చిన మందు రాయండి. పొద్దున్నే కాళ్లు కడగక ముందే నాలుగింటినీ ఒట్టి చేతులతో తడమండి. ఫెట్‌లాక్ వెనక పక్కన వేళ్లు ఆనిస్తే నాడి అందుతుంది. బాగున్న గిట్టకు అది వెతికితే గానీ దొరకదు, లోపల మంట ఉంటే వేలిని తన్నుతుంది. పరీక్షకు ముందు వారంలో లాడాలు కొత్తగా కొట్టించకండి, ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్లండి. ఇంకొక్కటి. ఆ రోజు తాడు పట్టుకుని పరిగెత్తే మనిషిని దవడ దగ్గర బిగించి పట్టుకోనివ్వకండి. ఒక చేయి పొడవు తాడు వదులుగా వదలాలి, తుమ్మెద తన తల తాను ఊపుకోగలిగేలా.